హైస్కూలు పిల్లలకు గాలిమరల పోటీ పెట్టాలా, వద్దా? మీ అభిప్రాయం చెప్పండి

పెన్నా_మాస్టారు | శుక్రవారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను అనంతపురం వైపు జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. మా మండలంలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు డిసెంబరులో గాలిమరల పోటీ పెడదామని కొందరు టీచర్లం అనుకుంటున్నాం.

ముగ్గురు పిల్లలు ఒక జట్టు. రెక్కలతో తిప్పితే కరెంటు ఇచ్చే చిన్న మోటారు అందరికీ ఒకే రకం, మేమే ఇస్తాం. రెక్కలు మాత్రం పిల్లలే చేసుకోవాలి. అట్టముక్కలు, పీవీసీ పైపు, ప్లాస్టిక్ సీసా, ఏదైనా సరే. మోటారు ఇరుసుకి రెక్కలు బిగించడానికి పాత హవాయి చెప్పు ముక్క బాగా పనికొస్తుంది, నేను చేసి చూశాను. టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టి మల్టీమీటర్‌తో వోల్టేజి చూస్తాం. ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లు గెలిచినట్టు. దాంతోపాటు గాలి విద్యుత్తు ఉపయోగాల మీద ఒక చార్టు తయారు చెయ్యాలి. ఖర్చుకి ఇబ్బంది లేదు, దాతలు ముందుకొచ్చారు.

ఎందుకు పెట్టాలనిపించిందంటే, ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలోంచి ‘శక్తి వనరులు’ పాఠం 2023లో తీసేశారు. ఇప్పుడు ఆంధ్రాలో మనకీ పదికి ఆ పుస్తకమే. మా బడి వరండాలో నిలబడితే కొండ మీద గాలిమరలు కనిపిస్తాయి. అవి ఎలా పనిచేస్తాయో చెప్పే పాఠం మాత్రం పుస్తకంలో లేదు.

స్టాఫ్ రూములో సగం మంది ‘ఇప్పుడివన్నీ అవసరమా సార్’ అంటున్నారు. మీరేమంటారు?

ఊరికే_చదువుతా | 9:22

మా రోజుల్లో సైన్స్ ఫెయిర్ అంటే ఊరంతా అగ్నిపర్వతాలే. ఇది నయం. పెట్టండి.

కోటి_కెపాసిటర్ | 9:31

మాస్టారూ, ఆలోచన బాగుంది కానీ వోల్టేజి దగ్గర పప్పులో కాలేశారు. లోడు, అంటే కరెంటు వాడుకునే బల్బో రెసిస్టరో, లేకుండా మల్టీమీటర్ పెట్టి చూస్తే అది గాలిమర ఎంత వేగంగా తిరుగుతోందో మాత్రమే చెప్తుంది, ఎంత పని చెయ్యగలదో చెప్పదు.

ఒక ఉదాహరణ చెప్తాను. మొదటి జట్టు సన్నటి చిన్న రెక్కలు పెట్టింది. లోడు లేకుండా 3.2 వోల్టులు చూపిస్తోంది. రెండో జట్టు వెడల్పాటి రెక్కలు పెట్టింది, 2.1 మాత్రమే. మీ లెక్కన మొదటివాళ్లు గెలిచారు. ఇప్పుడు రెండింటికీ 47 ఓముల రెసిస్టర్ తగిలించండి. మొదటిది గింజుకుని 0.4 వోల్టులకి పడిపోయింది, రెండోది 0.9 దగ్గర నిలబడింది. వోల్టేజిని వర్గం చేసి నిరోధంతో భాగించండి. మొదటిది 3.4 మిల్లీవాట్లు, రెండోది 17 మిల్లీవాట్లు. ఓడిపోయినవాళ్లు అయిదు రెట్లు పవర్ తీశారన్నమాట!

తప్పు కొలతతో పోటీ పెడితే పిల్లలు తప్పే నేర్చుకుంటారు. అంతకంటే పెట్టకపోవడమే మేలు.

పెన్నా_మాస్టారు | 9:40

రెసిస్టర్ పెడతాం సార్, సమస్య లేదు. మంచి మాట చెప్పారు.

కోటి_కెపాసిటర్ | 9:52

రెసిస్టర్‌తో అయిపోలేదు. టేబుల్ ఫ్యాన్ అన్నారు. మీ బడిలో మధ్యాహ్నం వోల్టేజి ఎంత ఉంటుంది? పొలాల్లో మోటార్లన్నీ ఆన్ చేసే వేళకి పడిపోతుందా లేదా? ఫ్యాన్ నెమ్మదిస్తుంది. గాలి వేగం పదో వంతు తగ్గితే గాలిలో ఉండే శక్తి పదో వంతు తగ్గదు, 27 శాతం తగ్గుతుంది, ఎందుకంటే వేగం ఘనాన్ని బట్టి మారుతుంది కాబట్టి. పొద్దున వచ్చిన జట్టుకి ఒక గాలి, మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చిన జట్టుకి ఇంకో గాలి. ఇదేం పోటీ?

పెన్నా_మాస్టారు | 10:05

ఇన్వర్టర్ మీద నడుపుతాం.

కోటి_కెపాసిటర్ | 10:11

ఇన్వర్టర్‌కి బ్యాటరీ దిగిపోదా? మీరే ఒక గాలిమర చేసి పక్కన పెట్టుకోండి. ప్రతి జట్టుకి ముందు దాన్ని ఒకసారి ఫ్యాన్ ముందు పెట్టి కొలవండి. అదెంత తగ్గితే పిల్లల మార్కు ఆ నిష్పత్తిలో సరిచెయ్యండి. పైగా టేబుల్ ఫ్యాన్ గాలి సుడి తిరుగుతూ వస్తుంది. కూల్‌డ్రింక్ స్ట్రాలు కట్టగట్టి అట్టపెట్టెలో పేర్చి ఫ్యాన్ ముందు పెడితే కాస్త తిన్నగా వస్తుంది.

విశ్రాంత_హెచ్చెమ్ | శనివారం ఉదయం 6:15

ఇద్దరు ఇంజనీర్లు మాట్లాడుకుంటున్నట్టుంది కానీ పిల్లల గురించి ఎవరూ మాట్లాడినట్టు లేదు.

ముప్పై ఏళ్లు పైగా సర్కారు బడిలో పని చేసినవాణ్ని. పోటీ అన్నది తీసేయండి, మిగతాదంతా ఉంచండి. ఎందుకంటున్నానో చెప్తాను. నేను పనిచేసిన ఒక ఊళ్లో తొమ్మిదో తరగతి పిల్లవాడు, కూలీ చేసుకునేవాళ్ల బిడ్డ, పాత సైకిల్ డైనమో, తాటిమట్టలు పెట్టి గాలిమర చేశాడు. బడి డాబా మీద కట్టాం. గాలి వీచినప్పుడు చిన్న బల్బు వెలిగేది, ఆగినప్పుడు ఆరిపోయేది. వాడు దాని కిందే కూర్చునేవాడు. తోక ఎందుకు పెట్టావురా అంటే, గాలి ఎటు మళ్లితే అటు తిరగాలి కద సార్ అన్నాడు. నేను చెప్పలేదు ఆ సంగతి.

జిల్లా ప్రదర్శనకి తీసుకెళ్లాం. పక్క స్టాలులో ఒక ప్రైవేటు స్కూలువాళ్ల థర్మకోల్ నగరం. మెరిసే గాలిమరలు, కింద బ్యాటరీతో తిప్పుతున్నారు! గాలి లేకుండా తిరిగే గాలిమర! ఆ అబ్బాయిని ఏ తీగ ఎక్కడికి పోతుందిరా అని నేనే అడిగాను, వాళ్ల నాన్న వైపు చూశాడు. మొదటి బహుమతి దానికే. జడ్జి మా వాడికి చెప్పిందేమిటంటే, చార్టు మీద అక్షరాలు గుండ్రంగా లేవు. ఆ తర్వాత వాణ్ని ఏ పోటీకి రమ్మన్నా రాలేదు.

మాస్టారు మళ్లీ చార్టు పెట్టారు చూశారా? అక్కడే పోతుంది.

లక్ష్మీ_ట్యూషన్స్ | 7:40

హెచ్చెమ్ గారూ, చదివితే బాధేసింది. నాదో చిన్న సందేహం. నిజం గాలిమరలకి మూడు రెక్కలే ఉంటాయి కదా, అందరూ మూడే పెట్టాలని రూలు పెడితే పోలిక సులువు కాదా?

కోటి_కెపాసిటర్ | 7:58

వద్దండీ! ఆ రూలు పెడితే పోటీ ప్రాణం పోయినట్టే. ఎన్ని రెక్కలు, ఎంత పొడవు, ఎంత వాలు, ఈ మూడే కదా పిల్లలు మార్చి చూసేది. రెక్కలు ఎక్కువైతే నెమ్మదిగా, బలంగా తిరుగుతుంది. బావుల్లోంచి నీళ్లు తోడే పాత గాలిమరలకి అన్నేసి రేకులు అందుకే. తక్కువైతే వేగంగా తిరుగుతుంది, జనరేటర్‌కి కావలసింది అదే.

దీన్ని తొలినాళ్లలో కొలిచి చూసినవాళ్లలో ఒక బడి మాస్టారూ ఉన్నాడు. డెన్మార్క్‌లో పాల్ లా కూర్ అని, ఆస్కోవ్ అనే ఊళ్లో ఫోక్ హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పేవాడు. 1891లో బడి పక్కనే గాలిమర కట్టి కరెంటు తీశాడు. తనే గాలి సొరంగం (కావలసిన వేగంతో గాలి పంపి పరీక్షించే గొట్టం) తయారుచేసుకుని రెక్కలు మార్చి మార్చి చూశాడు, తక్కువ రెక్కలు వేగంగా తిరిగితేనే కరెంటుకి లాభమని తేల్చాడు. కరెంటు నిల్వ చెయ్యడానికి నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసి బడిలో దీపాలు వెలిగించాడు. మధ్య మధ్యలో అది పేలి బడి కిటికీ అద్దాలు పగిలేవి కూడా. అయినా ఆపలేదు.

కొండమీది_ఫ్యాను | 8:30

అందరికీ నమస్తే. నేను గాలిమరల టెక్నీషియన్ని, మా ఊరు కూడా ఫ్యాన్ల కిందే. మా వైపు గాలిమర అనం, ఫ్యాను అంటాం.

రెండు మాటలు. పీవీసీ రెక్కలు పెడితే ఫ్యాన్ పక్కన పిల్లల్ని నిలబెట్టొద్దు. చెప్పు ముక్కలోంచి రెక్క ఊడి వస్తే కంట్లో పడుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి చెయ్యండి. రెండోది, పోటీ డిసెంబరులో ఎందుకు సార్? మన దగ్గర గాలి బాగా వీచేది నైరుతి కాలంలో, జూన్ నుంచి సెప్టెంబరు దాకా. జూలైలో పెడితే పిల్లల్ని కొండ కిందకి తీసుకెళ్లి ఫ్యాన్లు తిరుగుతుంటే చూపించవచ్చు. డిసెంబరులో అంతగా తిరగవు.

పెన్నా_మాస్టారు | 8:44

జూన్, జూలైలో అడ్మిషన్లు, పుస్తకాల పంపిణీ, యాప్‌లలో ఫోటోలు ఎక్కించడం. ఊపిరాడదు తమ్ముడూ. జనవరి దాటితే పదో తరగతి టెన్షన్. మిగిలింది డిసెంబరే.

శారద_మిన్నెసోటా | 10:02

నమస్తే అండీ. మేముండేది అమెరికాలో, మిన్నెసోటాలో. ఇక్కడ కిడ్‌విండ్ అని పిల్లలకి అచ్చం ఇలాంటి పోటీ ఉంది. మైకేల్ ఆర్క్విన్ అనే స్కూలు టీచర్ 2000ల మొదట్లో మొదలుపెట్టిన కిడ్‌విండ్ ప్రాజెక్టు వాళ్లు దీన్ని నడుపుతారు. మా అమ్మాయి మిడిల్ స్కూల్లో ఉన్నప్పుడు వెళ్లింది. ఇక్కడ టేబుల్ ఫ్యాన్ కాదు, గాలి సొరంగం ఉంటుంది. లోడు పెట్టి కొంతసేపు తిప్పి మొత్తం ఎంత శక్తి వచ్చిందో కొలుస్తారు. కొన్న రెక్కలు వాడితే ఒప్పుకోరు.

హెచ్చెమ్ గారి బాధ అర్థమైంది. దానికి ఇక్కడ మందు ఏమిటంటే, మార్కులన్నీ గాలిమరకి వెయ్యరు. జడ్జీలు పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి అడుగుతారు: ఈ ఆకారం ఎందుకు ఎంచుకున్నావు, మొదట ఏం చేశావు, ఎందుకు మార్చావు అని. అమ్మానాన్నలు ఆ గది దరిదాపుల్లో ఉండకూడదు. అప్పటికప్పుడు ఒక చిన్న సమస్య ఇచ్చి జట్టుగా చెయ్యమంటారు కూడా. నాన్న చేసిన గాలిమర అక్కడ దొరికిపోతుంది.

మీరు కూడా సగం మార్కులు మాటలకి పెట్టండి. చార్టు మానేసి నోటుపుస్తకం పెట్టండి, పాడైపోయిన రెక్కల కొలతలతో సహా.

విశ్రాంత_హెచ్చెమ్ | 10:30

అమ్మా, అమెరికా సంగతులు బాగానే ఉన్నాయి. మా పిల్లలకి గాలి సొరంగం ఎక్కడిది? గ్యారేజీలు ఎక్కడివి? మాటలకి మార్కులంటున్నారు, బాగా మాట్లాడేది ఎవరు? ఇంగ్లీషు మీడియంలో చదివి, ఇంట్లో అడిగితే చెప్పేవాళ్లున్న పిల్లలు. మా పిల్లవాడు తోక ఎందుకు పెట్టాడో నాకు చెప్పాడు కానీ, కోటు వేసుకున్న జడ్జి ముందు నోరు విప్పలేదు.

పోటీ గదిలోనే, మూడు గంటల్లో, మాస్టారు ఇచ్చిన సామానుతోనే చెయ్యాలి. ఇంటి నుంచి ఏదీ తేకూడదు. అప్పుడు కొంత న్యాయం.

శారద_మిన్నెసోటా | 10:51

మూడు గంటల్లో చేస్తే ఏం నేర్చుకుంటారండీ? ఇందులో చదువంతా రెండోసారి, మూడోసారి చెయ్యడంలోనే ఉంది. మా అమ్మాయి మొదట రెక్కల్ని 45 డిగ్రీల వాలులో పెట్టింది. ఫ్యాన్ వెయ్యగానే తిరిగింది, సంబరపడింది, కానీ నెమ్మదిగానే తిరిగింది. వాలు తగ్గిస్తూ పోయింది. ఒక దగ్గర ఆగిపోయింది, అసలు కదల్లేదు. మళ్లీ కొంచెం పెంచింది. మొదలు దగ్గర ఎక్కువ వాలు, చివర్లో తక్కువ వాలు ఉండాలని తనకి తెలిసేసరికి వారాలు పట్టింది. రెక్క చివర వేగంగా తిరుగుతుంది, మొదలు నెమ్మదిగా తిరుగుతుంది, గాలి రెండింటికీ వేరే కోణంలో తగులుతుంది. అది పుస్తకంలో చదివితే రాదు, మూడు గంటల్లోనూ రాదు.

దొంగతనం జరుగుతుందని చదువే తీసేస్తే ఎలా?

విశ్రాంత_హెచ్చెమ్ | 11:08

వారాలు పట్టిందన్నారు. ఆ వారాలన్నీ పక్కన ఎవరున్నారమ్మా? వాలు తగ్గించమని చెప్పింది ఎవరు?

శారద_మిన్నెసోటా | 11:15

మా అమ్మాయిని మధ్యలోకి లాగకండి. ఏ వయసువాళ్లైనా సరే, మాట్లాడే పద్ధతి ఒకటుంటుంది. ఎప్పుడో మీ బడి పిల్లవాడు ఓడిపోయాడని ఇప్పుడు లోకంలో పిల్లలెవరూ పోటీలకి వెళ్లకూడదా? వాణ్ని ఆపేసింది ఆ జడ్జి కాదేమో. మళ్లీ రమ్మని సరిగ్గా పిలవని పెద్దవాళ్లేమో.

విశ్రాంత_హెచ్చెమ్ | 11:19

మీరు డాలర్లలో ఉండి మాకు నీతులు చెప్పనక్కర్లేదు.

మోడరేటర్ | 11:34

ఇద్దరూ శాంతించండి. పిల్లల గురించి, డాలర్ల గురించి వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు. ఇంకోసారి అయితే చర్చకి తాళం వేస్తాను.

ఊరికే_చదువుతా | 11:36

నేను టీ పెట్టుకుని వచ్చేలోపు ఇంత జరిగిందా.

కోటి_కెపాసిటర్ | 11:50

ఇంతకీ స్ట్రాల పెట్టె సంగతి తేలలేదు. స్ట్రా పొడవు ఎంత ఉండాలంటే

లక్ష్మీ_ట్యూషన్స్ | 11:51

కోటి గారూ దయచేసి ఆగండి.

కొండమీది_ఫ్యాను | శనివారం సాయంత్రం 6:20

పొద్దుట్నుంచీ చదువుతున్నా. టవర్ దిగి ఇప్పుడు రాస్తున్నా. మాస్టారు గారూ, ఒకటి అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. మొదట్లో దాతలు ముందుకొచ్చారన్నారు. ఎవరు సార్ ఆ దాతలు?

పెన్నా_మాస్టారు | 6:48

దాచేదేముంది. మన దగ్గర గాలిమరలు పెట్టిన ఒక కంపెనీయే. సీఎస్ఆర్ డబ్బులు, అంటే కంపెనీలు సమాజ సేవకి ఖర్చు పెట్టేవి. మోటార్లు, మల్టీమీటర్లు, భోజనం, బహుమతులు వాళ్లవే. బ్యానర్ మీద వాళ్ల పేరు, చివర్లో ఒక పది నిమిషాల ప్రసంగం. తప్పేంటి? ఊళ్లో ఎవరైనా ఇస్తారేమో అని అడిగి అడిగి విసిగిపోయాను.

కొండమీది_ఫ్యాను | 7:35

తప్పని అనలేదు సార్. నేనూ అలాంటి కంపెనీ జీతమే తింటున్నా. కానీ చార్టు పేరు ‘గాలి విద్యుత్తు ఉపయోగాలు’ అని ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమైంది.

ఇక్కడ హెచ్చెమ్ గారు, శారదక్క గంటసేపు కొట్టుకున్నారు, ఎవరు గెలవాలి అని. మా అక్క కూతురు గెలవాలనుకోలేదు. ఒక బడి ప్రదర్శనలో గాలిమర బొమ్మ పెట్టి నిలబడింది, ఎనిమిదో తరగతి. జడ్జి వచ్చాడు, ఏమైనా డౌట్లున్నాయా అన్నాడు. ‘సార్, మా ఊరి మీద ఇన్ని ఫ్యాన్లు తిరుగుతుంటే మాకు కరెంటు ఎందుకు పోతుంది’ అని అడిగింది. ‘అది సిలబస్ కాదమ్మా, చార్టు చదువు’ అన్నాడు.

అది సిలబసే సార్. ఫ్యాన్ లోపల తయారయ్యే కరెంటు మామూలుగా 690 వోల్టులు. టవర్ దగ్గరుండే ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 33 కేవీ, అంటే 33 వేల వోల్టులు చేస్తుంది. అన్ని ఫ్యాన్ల లైన్లూ పూలింగ్ సబ్‌స్టేషన్‌కి పోతాయి, అక్కడ 132 కేవీ గానీ 220 కేవీ గానీ చేసి గ్రిడ్‌లో, అంటే రాష్ట్రమంతా కలిపే పెద్ద లైన్లలో కలుపుతారు. మా ఊరికి వచ్చేది వేరే దారి. 33/11 సబ్‌స్టేషన్, అక్కణ్నుంచి 11 కేవీ ఫీడర్ లైను, అక్కణ్నుంచి ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్. ఆ ఫీడర్ మీద కొమ్మ విరిగి పడితే కొండ మీద వంద ఫ్యాన్లు తిరిగినా ఊళ్లో చీకటే. ఇంకా విచిత్రం, గ్రిడ్ పోతే ఫ్యాన్ కూడా ఆగిపోతుంది. గ్రిడ్‌తో కలిసి నడవడానికే కట్టారు, ఒంటరిగా ఊరికి కరెంటు ఇవ్వడానికి కాదు. నేను మా పాపకి నేల మీద బొగ్గుతో గీసి చెప్పాను, అర్థం చేసుకుంది. అర్థం చేసుకుని ఇంకోటి అడిగింది. ‘అయితే మామా, ఊరికి వేరే లైన్ వెయ్యొచ్చు కదా, ఎందుకు వెయ్యలేదు?’

దానికి నా దగ్గర టెక్నికల్ జవాబు లేదు.

పెన్నా_మాస్టారు | 8:02

నీ మాట కాదనను తమ్ముడూ. కానీ ఇది ఎనిమిది, తొమ్మిది తరగతుల పోటీ. కంపెనీ వాళ్ల ముందు పిల్లలు నిలబడి మా భూములేమయ్యాయి, మా కరెంటు ఏదీ అని అడిగితే వచ్చే ఏడు మోటార్లు ఎవరిస్తారు? 2019లో ప్రభుత్వమే గాలి కంపెనీలతో యూనిట్ కరెంటు రేటు 4.84 రూపాయలు కాదు, 2.43 కి తగ్గించుకోండి అని పేచీ పెడితే హైకోర్టులో 2022 దాకా నడిచింది, చివరికి కంపెనీల వైపే తీర్పు వచ్చింది. పెద్దవాళ్లకే తేలడానికి అంత కాలం పట్టింది. అది పిల్లల నెత్తిన పెడతామా?

విశ్రాంత_హెచ్చెమ్ | 8:20

ఈ ఒక్క విషయంలో మాస్టారే కరెక్టు. బడిలోకి రాజకీయం తేకూడదు. భూముల గొడవలు, రేట్ల గొడవలు పెద్దవాళ్లు చూసుకుంటారు. పిల్లవాడికి రెక్క ఎందుకు తిరుగుతుందో తెలిస్తే చాలు. అలాగని కంపెనీ బ్యానర్ కూడా నాకు నచ్చలేదు, ఆ మాటా చెప్తున్నాను.

శారద_మిన్నెసోటా | 8:41

నేను టెక్నీషియన్ తమ్ముడి వైపు. ఇక్కడ కూడా పోటీలకి గాలి విద్యుత్ కంపెనీలు డబ్బులిస్తాయి, ఇవ్వకూడదని నేననను. కానీ మా అమ్మాయిని జడ్జి అడిగిన ప్రశ్నల్లో ఒకటి, ‘ఈ గాలిమర మీ ఇంటి వెనక పెడతామంటే ఒప్పుకుంటావా’ అని. తను ఒప్పుకోనంది, శబ్దం గురించి చెప్పింది. మార్కులు తగ్గలేదు. ఎక్కడ పెట్టాలి అన్నది కూడా డిజైనే హెచ్చెమ్ గారూ. రెక్క ఒక్కటే కాదు.

కొండమీది_ఫ్యాను | 9:05

హెచ్చెమ్ సార్, మీరు రాజకీయం అంటున్నది మా ఊళ్లో పొద్దున లేస్తే కనిపించేది. కల్పవల్లి పేరు వినే ఉంటారు. రామగిరి, రొద్దం వైపు గుట్టలు. ఊళ్లవాళ్లు, టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థవాళ్లు కలిసి బోడిగుట్టల మీద ఏళ్ల తరబడి అడవి పెంచారు. అక్కడికి ఫ్యాన్లొచ్చాయి. ఫ్యాన్ కంటే దారి పెద్ద సమస్య. అంత పొడవు రెక్క ఎక్కించాలంటే గుట్టని కోసి వెడల్పు రోడ్డు వెయ్యాలి, మలుపులు పెద్దవిగా తీయాలి. మట్టి కొట్టుకొచ్చి వాగుల్లో, చెరువుల్లో పడింది, గొర్రెల మేతకి ఇబ్బంది అని గొడవైంది, పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఇందులో ఏది సైన్స్, ఏది రాజకీయం, మీరే విడదీసి చెప్పండి. వాలు ఎక్కువున్న గుట్ట మీద మట్టి ఎందుకు కొట్టుకుపోతుందన్నది సైన్స్ కాదా?

ఫ్యాన్లు వద్దని నేననట్లేదు. మన రాష్ట్రంలో 4,000 మెగావాట్ల పైన ఉన్నాయి, ఇంకా వస్తాయి, నాలాంటి వాళ్లకి పని దొరికింది. బొగ్గు పొగ పీల్చే ఊళ్లకంటే మా ఊరి గాలి మేలు. కానీ పిల్లకి సగమే చెప్పి మిగతా సగం దాస్తే, పెద్దయ్యాక మనం చెప్పిన సగం కూడా నమ్మదు.

లక్ష్మీ_ట్యూషన్స్ | 9:18

ఇదే ముందు మాట్లాడుకోవాల్సింది.

పెన్నా_మాస్టారు | ఆదివారం ఉదయం 7:30

రాత్రంతా ఆలోచించాను. కొంచెం కోపం కూడా వచ్చింది, దాచను. నేను డబ్బులకి లొంగిపోయినట్టు మాట్లాడారు. మా బడికి కేంద్రం ఇచ్చే అటల్ టింకరింగ్ ల్యాబు రాలేదు, ఆ 20 లక్షలు వేరే బళ్లకి పోయాయి. ఇన్‌స్పైర్ మానక్ అనే కేంద్ర సైన్స్ పథకం కింద పదివేలు వస్తే ఒక పిల్లకి వస్తాయి, మిగతావాళ్లు చూస్తూ ఉండాలి. మోటారు చేతిలో పట్టుకోని పిల్ల ఆ ప్రశ్న కూడా అడగదు తమ్ముడూ. మీ అక్క కూతురు అడిగిందంటే ముందు బొమ్మ చేసింది కాబట్టే. అందుకే నాకు మోటార్లు ముఖ్యం, ఎవరిచ్చినా.

చార్టు తీసేస్తున్నాను. నోటుపుస్తకం పెడతాను. పనంతా బడిలోనే, శనివారాలు సైన్స్ క్లబ్బు గంటల్లో, ఇంటికి పంపం. అలాగైతే శారద గారు చెప్పిన రెండోసారి, మూడోసారి కూడా అవుతుంది. ప్రతి జట్టూ తమ ఊరి గాలి గురించో, ఫ్యాన్ల గురించో, కరెంటు గురించో ఒక ప్రశ్న తేవాలి. జవాబు తెలిసి ఉండక్కర్లేదు. ప్రశ్నలు అడిగేటప్పుడు నువ్వు వచ్చి కూర్చో తమ్ముడూ, టవర్ సెలవు పెట్టి.

బ్యానర్ సంగతి మా హెచ్చెమ్ చేతుల్లో ఉంది. మాట ఇవ్వలేను.

కొండమీది_ఫ్యాను | 8:10

వస్తా సార్. కంపెనీ వాళ్ల పది నిమిషాల ప్రసంగం పిల్లల ప్రశ్నల తర్వాత పెట్టండి, ముందు కాదు. వాళ్లు విని మాట్లాడనీ.

పెన్నా_మాస్టారు | 8:16

చూస్తాను. వాళ్లు ఒప్పుకుంటారో లేదో.

విశ్రాంత_హెచ్చెమ్ | 8:40

ర్యాంకులు తీసేస్తున్నారా, ఉంచుతున్నారా? దాని గురించి ఒక్క ముక్క రాయలేదు.

పెన్నా_మాస్టారు | 8:47

ఉంచుతున్నాను సార్. మొదటి మూడు స్థానాలు. పిల్లలకి ఆ ఉత్సాహం కావాలి.

విశ్రాంత_హెచ్చెమ్ | 8:52

అయితే నా అభిప్రాయం మారలేదు. నాలుగో స్థానంలో వచ్చినవాణ్ని మీరే సముదాయించుకోండి.

శారద_మిన్నెసోటా | 9:30

హెచ్చెమ్ గారూ, నిన్న ఇద్దరం మాట జారాం, వదిలేద్దాం. ర్యాంకుల విషయంలో మాత్రం నేను మాస్టారితోనే ఉన్నాను. మాస్టారూ, కళ్లద్దాలకి నేను డబ్బులు పంపుతాను, ఎలా పంపాలో మెసేజ్ పెట్టండి. బ్యానర్ మీద నా పేరు వద్దు.

కోటి_కెపాసిటర్ | 9:44

అంతా అయిపోయిందా? ఇప్పుడైనా ఎవరైనా చెప్తారా, రెసిస్టర్ ఎన్ని ఓములు పెడుతున్నారో?

పెన్నా_మాస్టారు | 9:50

47. మీరే కదా సార్ చెప్పింది.

కోటి_కెపాసిటర్ | 9:58

ఉదాహరణకి అన్నాను మాస్టారూ! మోటారుని బట్టి మారుతుంది. 10, 22, 47, 100 నాలుగూ తెచ్చి మీ సొంత గాలిమరకి ఒకదాని తర్వాత ఒకటి తగిలించి చూడండి. మరీ తక్కువ ఓములైతే గాలిమర ఆగిపోతుంది, మరీ ఎక్కువైతే కరెంటే పారదు, శక్తి ఎక్కువ వచ్చేది మధ్యలో ఎక్కడో ఉంటుంది. అసలు ఇది కూడా పిల్లల చేతే వెతికించొచ్చు. రెక్కల కంటే ముందు ఇదే పెట్టండి, మొదటి శనివారం.

పెన్నా_మాస్టారు | 10:03

మొదటి శనివారం చెప్పు ముక్కలు కొయ్యాలి సార్. రెండో శనివారం చూద్దాం.